కథకు పేరు పడాలి, వీధి కబురుకు పడకూడదు: వర్డ్‌ప్రెస్ థీమ్‌లో ఆ ఒక్క సౌకర్యం

వెబ్‌సైట్లు నడుపుకునే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఎలా పెట్టుకోవాలో, హోస్టింగ్‌కు ఎంతవుతుందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మాట్లాడేది ఒక్క సంగతి గురించే. కడపలో మేము కొందరం మిత్రులం కలిసి ఒక చిన్న వెబ్ పత్రిక నడుపుతున్నాం. దానికి వాడుతున్న ఉచిత థీమ్‌లో (సైటు ఎలా కనబడాలో తీర్చిదిద్దేది), రచయిత పేరు ఏయే వర్గాల్లో, అంటే కథలు, ప్రకటనలు లాంటి విభాగాల్లో, కనబడాలో టిక్కులు పెట్టుకునే వీలుంది. చాలాకాలం ఆ సౌకర్యాన్ని నెత్తిన పెట్టుకున్నాను. కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అడిగితే కొంచెం ఆగి చెప్తాను.

మామూలుగా అయితే ఏది పెట్టినా కింద ఎవరో ఒకరి పేరు పడుతుంది. బ్రౌన్ గ్రంథాలయంలో పుస్తకావిష్కరణ ఉందని ప్రకటన పెడితే, దాన్ని టైపు చేసిన మిత్రుడి పేరు పడేది. అది చూసి "మీరేం మాట్లాడతారు సార్, ఎన్నింటికి రావాలి?" అని ఆయనకు ఫోన్లు. కథలకేమో తేదీ పక్కన "అడ్మిన్" అని ఉండేది, వాట్సాప్‌లో వచ్చిన కథను ఎక్కించేది మేమే కాబట్టి. తెలుగు పేపరు చదివే కంటికి ఈ రెండూ ఎబ్బెట్టుగానే ఉంటాయి. జిల్లా పేజీలో వార్త మొదట ఊరి పేరు ఉంటుంది, విలేకరి పేరు సాధారణంగా ఉండదు. ఆదివారం అనుబంధంలో కథకు మాత్రం పేరు ఉండి తీరాలి. మాకు కావలసింది కూడా అంతే. ఒక్కొక్కరికి ఒక ఖాతా తెరిచి, కథలు, కవితలు, వ్యాసాల దగ్గర టిక్కు పెట్టి, ప్రకటనలు, "మా వీధి" శీర్షిక దగ్గర తీసేశాం. ఐదు నిమిషాల పని.

ఆ తర్వాత జరిగిన మంచి మేము అనుకోనిది. ప్రొద్దుటూరు నుంచి ఒక పెద్దాయన మాకు పద్యాలు పంపుతుంటారు. ఫోనులో చదవడం ఆయనకు ఓపిక లేని పని. మనవడు చూపిస్తుంటే తన పేరు మీద వేలు తగిలిందట. పేరు నొక్కితే ఆ రచయితవన్నీ ఒక్క పేజీలో వస్తాయి గదా, తన పద్యాలన్నీ వరసగా వచ్చాయి. అప్పటికి ఆయన పుస్తకం ఏదీ అచ్చు కాలేదు. ఆ పేజీని మనవడితో ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగు చేయించి, మాకు చూపించడానికి బస్సెక్కి కడప వచ్చారు. పైన తన పేరు పెద్దక్షరాల్లో ఉన్న మొదటి కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో విడిగా పెట్టుకున్నారు. ఆ రోజు నాకు ఈ థీమ్ చేసినవాళ్లకు ఉత్తరం రాయాలనిపించింది. వేమన పద్యంలో పేరుంది కాబట్టే గదా అది ఎవరిదో ఈరోజుకీ మనకు తెలుస్తోంది.

సరిగ్గా ఆ పేజీ దగ్గరే తర్వాత దెబ్బ తగిలింది.

మాకు కథలు రాసే ఒక టీచరమ్మ ఉన్నారు. మంచి కథలు, వేరుశనగ రైతుల ఇళ్లలోని ఆడవాళ్ల గురించి. ఒక ఎండాకాలం తమ వీధికి వచ్చే నీళ్ల ట్యాంకర్ గురించి "మా వీధి"కి రాశారు. ట్యాంకర్ ఎవరింటి ముందు ఎక్కువసేపు ఆగుతోంది, చివరి ఇళ్లకు చేరేసరికి ఎన్ని బిందెలు మిగులుతున్నాయి, ఇవన్నీ కళ్లకు కట్టినట్టు రాశారు. ఇంటి పేర్లు ఏమీ రాయలేదు, కానీ ఆ వీధివాళ్లకు ఎవరి సంగతో తెలియకుండా ఎట్లుంటుంది? "నా పేరు రాదు గదా?" అని ముందే అడిగారు. రాదని చెప్పాం. రాలేదు కూడా. వ్యాసం కింద తేదీ తప్ప ఏమీ లేదు.

వారం తిరక్కుండానే ఫోను చేశారు. "అన్నా, నా పేరు రాదంటిరి గదా? ఆ ట్యాంకర్ సంగతి నేనే రాసినానని మా స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలిసిపోయింది." ఎట్లా తెలిసిందో అప్పుడు ఆమెకూ అర్థం కాలేదు. ఒక తోటి టీచరు ఆమె కథ చదివి, బాగుందని, ఇంకేమైనా రాశారేమోనని పేరు మీద నొక్కారట. రచయిత పేజీ తెరుచుకుంది. కథ, కథ, మధ్యలో ట్యాంకర్ వ్యాసం, మళ్లీ కథ. వ్యాసం పేజీలో పేరు కనబడదు గానీ, పేరున్న పేజీలో వ్యాసం కనబడుతుంది. ఆ ట్యాంకర్ ఆగే ఇంటివాళ్ల పిల్లలు ఆమె తరగతిలోనే చదువుతున్నారు. కొన్నాళ్లపాటు ఆమెకు టెన్షన్, మాకు టెన్షన్. గొడవ పెద్దదేమీ కాలేదు, కానీ ఆమె ఆ శీర్షికకు మళ్లీ రాయలేదు. ఆ నష్టం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

థీమ్ సెట్టింగులో ఆ టిక్కు పక్కన, అది తీసేస్తే "రచయితను దాచినట్టే" అనే అర్థం వచ్చేలా రాసి ఉంది. నా కోపమంతా ఆ మాట మీదే. అది దాచేది పేజీ మీది అక్షరాలను మాత్రమే. వ్యాసం ఎవరి ఖాతా కింద ఉందో వర్డ్‌ప్రెస్‌కు తెలుసు, అడిగిన ప్రతిచోటా చెప్పేస్తుంది. రచయిత పేజీలో చెప్తుంది. సైటుకు రాకుండానే కొత్త రచనలు చదువుకోవడానికి సైటు పంపే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లో ప్రతి అంశంతోపాటు పేరు కూడా వెళ్తుంది, ఫీడ్ రీడర్‌లో చదివేవాళ్లకు కనబడుతుంది. కొన్ని థీమ్‌లైతే పేరును సీఎస్‌ఎస్‌తో, అంటే పేజీ రూపాన్ని మార్చే కోడుతో, మరుగుపరచి ఊరుకుంటాయి, పేజీ వెనకుండే కోడు (సోర్సు) తెరిస్తే పేరు అక్కడే ఉంటుంది.

చిన్నచిన్న మెలికలు ఇంకా ఉన్నాయి. ఒకే రచనకు రెండు వర్గాలు ఇస్తే, అందులో ఒకదానికి టిక్కు ఉన్నా పేరు పడుతుంది. "మా వీధి" కింద "నీళ్లు" అని ఉపవర్గం చేసి, రచనకు ఆ ఉపవర్గం ఒక్కటే ఇస్తే, పై వర్గానికి పెట్టిన నియమం దానికి వర్తించదు. ఇది థీమ్ తప్పు అనలేను. వర్డ్‌ప్రెస్‌లో వర్గాన్ని సరిచూసే 'ఇన్_కేటగిరీ' అనే ఫంక్షన్ రచనకు నేరుగా ఇచ్చిన వర్గాలనే చూస్తుంది, వాటి పై వర్గాల జోలికి పోదు. మా థీమ్‌దే అనదగ్గ తప్పు ఒకటుంది. కొత్తగా ఏ వర్గం చేసినా దానికి టిక్కు పడే ఉంటుంది. అది తిరగేసి ఉండాలి. కవితకు పేరు పడకపోతే కవిగారు నొచ్చుకుని ఫోను చేస్తారు, అరగంటలో సరిచేస్తాం. పడకూడని పేరు పడితే వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు.

ఇప్పుడు మా పద్ధతి వేరు. "మా వీధి" అనే పేరుతోనే ఒక ఉమ్మడి ఖాతా తెరిచాం. ఆ శీర్షికకు వచ్చేవన్నీ దాని కిందే వెళ్తాయి, ఎక్కడ నొక్కినా ఆ పేరే వస్తుంది. పాతవాటిని కూడా బల్క్ ఎడిట్‌లో ఒకేసారి ఎంచుకుని రచయితను మార్చేశాం. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. వర్డ్‌ప్రెస్‌లో 'ఆథర్' హోదా (తమ రచనలను మాత్రమే ఎక్కించుకోగల హోదా) ఉన్నవాళ్లు తమ రచనను వేరే ఖాతా కిందకు మార్చలేరు. కాబట్టి ఆ శీర్షికకు రాసేవాళ్లు మాకు పంపాలి, మేమే ఎక్కించాలి. పని పెరిగింది. పెరిగినా పర్వాలేదు.

టిక్కుల సౌకర్యం మాత్రం తీసేయలేదు. సభల ప్రకటనలకు, పండుగ సెలవుల కబుర్లకు అది హాయిగా ఉంది, పేజీ శుభ్రంగా ఉంది, మిత్రుడికి ఫోన్లు ఆగాయి. ఒక్కరో ఇద్దరో నడుపుకునే సైటు అయితే, దాచాల్సినంత సంగతులు ఏవీ రాయకపోతే, ఈ థీమ్ పెట్టుకోండనే అంటాను. మా సంగతి వేరు. మాకు రాసేవాళ్లలో సగం మంది టీచర్లు, సచివాలయం ఉద్యోగులు, వాళ్లు రాసేది తాము రోజూ నడిచే వీధుల గురించి. మీ దగ్గర కూడా అలాంటి ఒక్కరున్నా, పేరు రాదని వాళ్లకు మాటిచ్చే ముందు లాగవుట్ చేసి, వాళ్ల పేరు మీద ఒకసారి నొక్కి చూడండి. ఫీడ్ కూడా తెరిచి చూడండి.