జనం చూడని సినిమాలు: చాలాకాలం వాడాక రాస్తున్న రివ్యూ

థియేటర్లో ఆడనివి, ఆడినా వారం తిరక్కుండా ఎత్తేసినవి, అవార్డు వచ్చిందని పేపర్లో చదవడమే తప్ప కంటితో చూడనివి. చూసిన కొద్దిమంది మాత్రం వాటి గురించి మాట్లాడడం ఆపరు. అలాంటి సినిమాల పిచ్చి నాది. నల్లగొండలో ఉంటూ వాటిని వెతికి పట్టుకోవడం, చూశాక నాలుగు ముక్కలు రాసి దోస్తులకు పంపడం ఏళ్లుగా నడుస్తోంది. బైకు కొన్న వారానికి రాసే రివ్యూ వేరు, రెండుసార్లు టైర్లు మార్చాక రాసే రివ్యూ వేరు. ఇది రెండో రకం.

ఇలాంటి సినిమాల్లోకి చాలామంది నవ్వుకోవడానికే దిగుతారు. 'ప్రపంచంలోకెల్లా చెత్త సినిమా' అని చెబితే చాలు, ఆ రాత్రికి నలుగురు పోగవుతారు, మిర్చి బజ్జీలు వస్తాయి, గంటన్నర గోల గోల. సరదాగానే ఉంటుంది. కానీ ఆ సరదా చాలా తొందరగా అరిగిపోతుంది. రెండోసారి చూసేటప్పుడు ఎక్కడ నవ్వాలో ముందే తెలిసిపోతుంది, మూడోసారికి చేతులు ఫోన్ మీదకు పోతాయి. చేతిలో డబ్బులు అయిపోయాక కూడా తీసినవాడు మొండికేసి, ఉన్నదాంతోనే ఎలాగో పూర్తి చేశాడే, ఆ మొండితనం కనబడే సినిమాలు మాత్రం ఎన్నిసార్లు వేసినా అరగలేదు.

1966లో వచ్చిన 'మానోస్: ద హ్యాండ్స్ ఆఫ్ ఫేట్' సంగతి తీసుకోండి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఎల్ పాసో ఊళ్లో హెరాల్డ్ వారెన్ అని ఒక ఎరువుల వ్యాపారి ఉండేవాడు. భయపెట్టే సినిమా తీయడం ఏమంత పని, ఎవరైనా తీయొచ్చు అని ఒక సినిమా రచయితతో పందెం కాసి మరీ తీశాడు. ఖర్చు దాదాపు 19 వేల డాలర్లు. కథ, దర్శకత్వం, హీరో వేషం అన్నీ తనవే. ఆ కెమెరాకు చేత్తో కీ ఇవ్వాలి, ఒకసారి కీ ఇస్తే 32 సెకన్లకు మించి తిరగదు. షూటింగ్‌లో మాటలు రికార్డు చేసే వీల్లేదు, తర్వాత కొద్దిమందే కూర్చుని పాత్రలన్నిటికీ గొంతులిచ్చేశారు. అందులో నటించిన చిన్నపాపకు కూడా పెద్దామె గొంతే. ఊళ్లో మొదటి ఆట రోజున తన నోట్లోంచి వేరే గొంతు వినేసరికి ఆ పాప ఏడ్చేసిందట. చేసిన పనికి ఆమెకు ఒక సైకిల్, అందులో నటించిన కుక్కకు ఒక సంచి తిండి ముట్టాయి. రాత్రి సీన్లలో లైట్లకు ముసిరిన పురుగులు కూడా తెర మీద కనబడతాయి. 1993లో ఒక టీవీ కార్యక్రమం ఎగతాళి చేస్తూ చూపించేదాకా ఇలాంటి సినిమా ఒకటుందని ఎవరికీ పెద్దగా తెలియదు.

మా బావకు దేవరకొండ రోడ్డులో ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. ఆయనకు ఈ సినిమా వేశాను. సగం దాకా పడీపడీ నవ్వాడు. అక్కడ ఆపి, దీన్ని తీసినాయన కూడా నీలాగే ఎరువులమ్మేవాడు బావా అని చెప్పాను. ఒక్క నిమిషం ఆలోచించి, "మరి గీయన సినిమా తీసుకుంట కూసుంటే ఉద్దెర ఎవలు వసూలు చేసిండ్రు?" అన్నాడు. ఈ సినిమా మీద నేను రాసినవన్నీ కలిపినా ఆ ప్రశ్నంత బాగుండవు. ఆ తర్వాత నవ్వడం మానేసి కెమెరా కిరాయి ఎంతయ్యుంటుంది, తిండి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అని లెక్కల్లో పడ్డాడు. అప్పటి నుంచి నాకొక పద్ధతి అలవాటైంది. సినిమా ఎట్లా తీశారన్న కథ ముందే చెప్పను. ముందే చెబితే పాపం అని జాలిగా చూస్తారు, అసలు చెప్పకపోతే వెక్కిరింపుతోనే లేచిపోతారు. సగంలో చెబితే రెండు రకాల చూపులూ ఒకే రాత్రిలో దక్కుతాయి.

'కార్నివాల్ ఆఫ్ సోల్స్' వేరే బాపతు. 1962 నాటిది, బ్లాక్ అండ్ వైట్. తీసిన హెర్క్ హార్వే కాన్సాస్‌లోని లారెన్స్ అనే ఊళ్లో, బడులకూ ఫ్యాక్టరీలకూ పాఠాల్లాంటి చిన్న ఫిల్ములు తీసే కంపెనీలో ఉద్యోగి. కారులో ఇంటికి వస్తూ యూటాలో ఉప్పు సరస్సు ఒడ్డున పాడుబడిన సాల్టెయిర్ అనే వినోదశాలను చూశాడు. ఆ భవనం మనసులో పడిపోయింది. దానికోసం తోటి ఉద్యోగితో కథ రాయించి, దాదాపు 33 వేల డాలర్లతో సినిమా ముగించాడు. వెంటాడే తెల్లమొహం ప్రేతం వేషం తానే వేసుకున్నాడు. ఆ తర్వాత ఇంకో పూర్తి నిడివి కథా చిత్రం తీయలేదు. ఇందులో భయపెట్టే పనంతా ఆర్గాన్ సంగీతానిది, ఆ ఖాళీ భవనానిది. మొదటిసారి కంటే తర్వాత చూసినప్పుడే నాకు ఎక్కువ భయమేసింది, ఎందుకంటే కథ ఎటు పోతుందో తెలిశాక ఆ అమ్మాయి మొహంలో వేరే విషయాలు కనబడతాయి. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలో పగలంతా కదలకుండా ఒక స్తంభం నీడ నిలిచి ఉంటుంది. అంతటి చోటు పెట్టుకుని మన దగ్గర ఒక్కడికీ దెయ్యం కథ తట్టకపోవడం ఏమిటో!

ఇక ప్రింట్ల గోల. ఈ అలవాటులో నన్ను ఎక్కువ సతాయించింది ఇదే. వీసీడీల కాలంలో ఒక డిస్కులో గంటా పావు, మహా అయితే గంటా ఇరవై నిమిషాలు పట్టేది. రెండున్నర గంటలు దాటిన తెలుగు సినిమాను రెండు డిస్కుల్లో ఇరికించడానికి పాటలు కోసేవారు, ఒక్కోసారి కథే కోసేవారు. బొమ్మేమో 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. డాబా మీద తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్‌తో వేస్తే హీరో ఎవరో విలన్ ఎవరో గొంతును బట్టి గుర్తుపట్టాల్సిందే. ఇప్పుడు యూట్యూబ్‌లో దొరికేవాటికి వేరే జబ్బులు. నాలుగు మూలలా లోగోలు, టీవీకి సరిపెట్టడానికి తలలూ కాళ్లూ నరికిన ఫ్రేములు, పెదవి కదిలిన కాసేపటికి వచ్చే మాట. పాత ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో సయాన్ అనే నీలిరంగు ముందుగా వెలిసిపోతుంది, దాంతో చెట్టూ ఆకాశం మనిషీ అంతా గులాబీ రంగులోకి దిగిపోతారు. అలాంటి ఒక పాత సినిమా వేస్తే మా తమ్ముడి కొడుకు "పెదనాన్నా, ఫ్లాష్‌బ్యాక్ ఎప్పుడు అయిపోతది?" అని అడిగాడు. కాబట్టి ఫొటోగ్రఫీ నాసిరకం అని రాసేముందు, చూసింది కెమెరామన్ తీసిన బొమ్మేనా, కాలం తినేసిన బొమ్మా అని చూసుకోవాలి. ఇలాంటి సినిమాల మీద వచ్చే రివ్యూల్లో సగం నిజానికి కాపీల మీద రివ్యూలు.

అందరికీ పేరు తెలిసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' దీనికి మంచి ఉదాహరణ. 1968లో విడుదలకు ముందు దాని పేరు మార్చారు. కొత్త పేరు వేసిన కార్డులో కాపీరైట్ గుర్తు పెట్టడం మరిచిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ గుర్తు లేకపోతే హక్కు పోయినట్టే. దాంతో ఎవరు పడితే వాళ్లు, ఎట్లాంటి కాపీ పడితే అట్లాంటిది అమ్ముకున్నారు. ఉచితంగా దొరుకుతుంది కదా అని మొదట కనబడ్డదే చూడొద్దు. శుభ్రం చేసిన కాపీ ఉంది, అది చూడండి.

అన్నీ మెచ్చుకున్నానని అనుకోకండి. కమల్ స్వరూప్ తీసిన 'ఓం దర్ బ దర్' 1988 నాటి హిందీ సినిమా, థియేటర్లకు వచ్చింది 2014లో. దాని పేరెత్తితే చాలు సినిమా పిచ్చోళ్లు లేచి నిలబడతారు. పుష్కర్, కప్పలు, వజ్రాలు, జ్యోతిషం, దేనికి దేనికీ లంకె లేదు. చాలాసార్లు కూర్చున్నాను. పాటలు నచ్చాయి, మిగతాది నాకు ఎక్కలేదు. ఎక్కలేదని రాసినందుకు ఒక దోస్తు చాన్నాళ్లు మాట్లాడలేదు. మన విఠలాచార్య గారి 'జగన్మోహిని' 1978ది. దాంట్లో ఏ సీనులో ఎంత అర్థం లేకపోయినా నాకు ఫిర్యాదు లేదు, ఎందుకంటే ఆయన అర్థం చెబుతానని ఎప్పుడూ మాటివ్వలేదు. దెయ్యాన్ని చూపిస్తానన్నాడు, చూపించాడు.

నల్లగొండవాడిగా నన్ను అన్నిటికంటే తొలిచే సంగతి ఒకటుంది. ఎల్ పాసో ఎరువులాయన సినిమా ఇంట్లో కూర్చుంటే దొరుకుతుంది. మన మట్టి మీద తీసిన సినిమాలు మంచి కాపీలో దొరకడానికి మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. 'బండెనక బండి కట్టి' పాట తెలియని ఇల్లు మా జిల్లాలో ఉండదు. ఆ పాట ఉన్న 'మా భూమి'ని మొదటి నుంచి చివరిదాకా చూసినవాళ్లను వెతుక్కోవాలి. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన సినిమా, నిర్మాతల్లో బి. నర్సింగరావు ఒకరు, పాడుతూ కనబడేది గద్దర్. మా బాపుతో, అంటే నాన్నతో, కలిసి చూశాను. ఆయన సినిమా సాంతం మాట్లాడుతూనే ఉన్నాడు. దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకోవాల్సి వచ్చేదని వాళ్ల నాయన చెప్పిన ముచ్చట, దొరల మీద రైతులు తిరగబడ్డ సంగం రోజుల్లో ఎవరు ఎక్కడ దాక్కున్నారో, ఎవరింటి జొన్నలు ఎవరికి పోయాయో. డైలాగులు సగం వినబడలేదు. విసుక్కోకుండా చూసిన సినిమా అదొక్కటే.

మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' అంత సులువుగా మింగుడుపడదు. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథే దానికి మూలం. ఎంత చాకిరీ చేసినా దొర కడుపే నిండుతుంది, ఇక చేయడమెందుకు అని పని మానేసిన తండ్రీకొడుకులు వాళ్లు. తండ్రి వేషం వేసిన వాసుదేవరావును మొదట తిట్టుకుంటాం. తర్వాత్తర్వాత చూస్తుంటే ఆయన తర్కంలో తప్పు ఎక్కడుందో పట్టుకోలేక ఇబ్బంది పడతాం. దీని గురించి రెండు పేజీలు రాసి చింపేసి, 'ఒంటరిగా చూడండి, భోజనం ముందే చేసేయండి' అని మాత్రం పంపాను.

నర్సింగరావు 'దాసి' 1988 సంవత్సరానికి జాతీయ అవార్డులు అయిదు తెచ్చుకుంది. అర్చనకు ఉత్తమ నటి, కెమెరాకు ఎ.కె. బీర్, కళా దర్శకత్వానికి మనందరికీ తెలిసిన చిత్రకారుడు వైకుంఠం. దుస్తులకు అవార్డు తెచ్చుకున్న సుదర్శన్ మా మిర్యాలగూడ మనిషి, ఆ తర్వాత ఆయన పేరే దాసి సుదర్శన్ అయిపోయింది. సినిమాలో మాటలు తక్కువ, నడక నిదానం. కుర్రాళ్లకు వేస్తే పావుగంటలో లేచిపోయారు. మా అమ్మ మాత్రం కథను పక్కనపెట్టి చీరకట్టు చూస్తూ కూర్చుంది. "మా నాయనమ్మ గిట్లనే దోపుకునేది" అని ఆమె చెప్పాక ఆ అవార్డు ఎందుకిచ్చారో నాకు బాగా అర్థమైంది. అప్పటిదాకా అదొక పేరుగానే తెలుసు.

శ్యామ్ బెనెగళ్ 'సుస్మన్' హిందీలో ఉంటుంది, 1987ది, పోచంపల్లి నేత కుటుంబాల కథ. దాన్ని పోచంపల్లిలో మగ్గం నేసే ఇంట్లో పుట్టిన దోస్తుతో చూశాను. ఓం పురి హిందీలో మాట్లాడగానే వాడు నవ్వాడు. ఓం పురి మగ్గం మీద కూర్చున్నాక వాడు నవ్వు ఆపి ముందుకు జరిగాడు. "చెయ్యి కొత్తదేరా, కాని నడుము వంచిన తీరు మావోళ్లదే" అన్నాడు. చిటికి కట్టడం, ఆసు పోయడం, పడుగు సరిచేయడం, ఇలా నేతకు ముందు నూలుకు చేసే పనుల్లో ఇంట్లో ఆడవాళ్ల చేతులకు ఎంత పని ఉంటుందో చెప్పుకుంటూ పోయాడు. వాళ్లమ్మ భుజం నొప్పి గురించి ఆ రోజే మొదటిసారి విన్నాను. ఆ సినిమా మీద నా రివ్యూలో సగం వాడి మాటలే, పేరు వేయొద్దన్నాడు కాబట్టి వేయలేదు.

ఇన్ని చూశాక స్టార్లు ఇవ్వడం మానేశాను. 'మానోస్'కు ఒకటిన్నర, 'దాసి'కి నాలుగు అని పక్కపక్కన పెడితే ఎవరికీ ఏమీ తెలియదు. ఏ కాపీ చూశాను, ఎవరితో చూస్తే బాగుంటుంది, ఎక్కడ ఓపిక పట్టాలి, ఇవి రాస్తున్నాను. కథ రెండు వాక్యాలకు మించి చెప్పను.

ఇబ్బందులు లేకపోలేదు. తెలుగు సబ్‌టైటిల్స్ దాదాపు ఉండవు కాబట్టి పెద్దవాళ్ల కోసం నేనే పక్కన కూర్చుని గట్టిగా తెలుగులో చెప్పాలి. గొంతు పోతుంది, నేను సరిగ్గా సినిమా చూడలేను. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదయినా డాబా చల్లబడదు, ప్రొజెక్టర్ వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది, దాని ఫ్యాన్ మోతకు మెల్లగా మాట్లాడే సినిమాలు వినబడవు. మా ఆవిడ వీటికి 'నీ సినిమాలు' అని పేరు పెట్టి, తన సినిమాలు తను వేరే చూసుకుంటుంది. ఆదివారం టీవీ ఎవరిదన్న పంచాయితీ మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు.

కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లు 'కార్నివాల్ ఆఫ్ సోల్స్'తో మొదలుపెట్టండి, గంటా ఇరవై నిమిషాలు కూడా లేదు. ఇంట్లో డెబ్బై దాటిన వాళ్లుంటే 'మా భూమి' వాళ్ల పక్కన కూర్చుని చూడండి, రిమోట్ వాళ్ల చేతికివ్వండి. 'మానోస్' ఎరువుల దుకాణం వాళ్లకు మాత్రం సీజన్ అయిపోయాకే వేయండి. మా బావ రెండో సగం ఇంకా చూడలేదు, యూరియా లారీ వచ్చిందని లేచిపోయాడు.