గ్యాస్ట్రిక్ బైపాస్ కోసం తిరుపతి నుంచి చెన్నైకి: బసలు, ప్రయాణాలు, కోలుకున్న నెలలు

బరువు తగ్గించే శస్త్రచికిత్స కోసం పొరుగూరికి వెళ్లే కుటుంబాలు సాధారణంగా సర్జన్ పేరు, ప్యాకేజీ ధర వాకబు చేసి బయలుదేరుతాయి. మా అక్కకు గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించిన రోజుల్లో మొదటి నుంచీ వెంట ఉండి చూసుకున్నదాన్ని కనుక చెబుతున్నాను: ఆపరేషన్ తరువాతి రెండు వారాలు రోగి ఏ గదిలో ఉంటారు, ఆ గదికీ ఆసుపత్రికీ ఎంత దూరం, అక్కడ వంటకు ఏం వీలుంది అన్నవి సర్జన్ ఎంపికతో పాటే తేల్చుకోవలసిన విషయాలు.

అక్కా బావా తిరుపతిలో ఉంటారు, నేను చిత్తూరులో ఉంటాను. అక్క బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె, 41. ఏళ్ల తరబడి మధుమేహం, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా, దానికి తోడు గుండెమంట ఉండేవి. చిత్తూరు నుంచి వేలూరు సుమారు 40 కిలోమీటర్లే కనుక నా మనసు మొదట అటు మొగ్గింది. తిరుపతిలో 1993లో మొదలైన స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రి ఉండగా ఊరు దాటడం ఎందుకని బావ అడిగారు. చివరకు చెన్నై ఖాయం కావడానికి కారణం ఒక్కటే: అక్క స్లీప్ ఆప్నియాకు ముందు నుంచీ చికిత్స చేస్తున్న వైద్యుడు అక్కడ ఉన్నారు, శస్త్రచికిత్స చేసే బృందం ఆయనతో కలిసి పనిచేస్తుంది. మత్తుమందు ఇచ్చే డాక్టరుకు రోగి ఊపిరి సంగతి ముందే తెలిసి ఉండడం కంటే విలువైన సౌకర్యం నాకు మరొకటి కనిపించలేదు.

డబ్బు సంగతి త్వరగా చెబుతాను. స్థూలకాయ శస్త్రచికిత్సకు ఆరోగ్య బీమా వర్తించాలంటే డాక్టరు సలహాతో పాటు బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. 35 దాటినవారికైతే గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులోకి రాని టైప్ 2 మధుమేహం వంటివి ఉండాలి, ఇతర పద్ధతులతో బరువు తగ్గించే ప్రయత్నాలు ఫలించలేదని కూడా చూపాలి. వైద్యపరంగా మన ఆసియావారికి ఇంతకంటే తక్కువ బీఎంఐ ఉన్నా శస్త్రచికిత్స సూచిస్తారు కానీ, డాక్టరు సూచించినంత మాత్రాన బీమా వచ్చేస్తుందని అనుకోరాదు. పాత ప్రిస్క్రిప్షన్లు, డైటీషియన్ కాగితాలు అక్క దాచి ఉంచింది కనుక మాకు అనుమతి రావడం తేలికైంది. ప్యాకేజీలో కడుపును కోసి కుట్లు వేసే స్టేప్లర్ల ఖర్చు, అదనంగా ఐసీయూలో ఉండవలసి వస్తే అయ్యే ఖర్చు కలిసి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.

సన్నాహం చాలావరకు తిరుపతిలోనే పూర్తయింది. మూడు నెలల సగటు చక్కెర, థైరాయిడ్, బి12, డి విటమిన్, ఇనుము పరీక్షలకు చెన్నై దాకా వెళ్లనవసరం లేదు. ఎండోస్కోపీ మాత్రం ఆపరేషన్ చేసేవారే చేస్తామన్నారు. అందులో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా బయటపడింది కనుక రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సు ముగిసేదాకా తేదీ ఇవ్వలేదు. కడుపును సన్నని గొట్టంలా కుదించే స్లీవ్ పద్ధతి గుండెమంటను ఎక్కువ చేయవచ్చు కనుక అక్కకు బైపాస్ మేలని కూడా అప్పుడే నిర్ణయించారు. ఇందులో దాదాపు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని కడుపు పైభాగంలో ఏర్పరచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు.

శస్త్రచికిత్సకు ముందు రెండు వారాలు పిండిపదార్థాలు బాగా తగ్గించిన ఆహారం తినాలి. కొవ్వు పట్టిన కాలేయం కడుపు మీద పరచుకుని ఉంటుంది, ఈ ఆహారంతో అది కొంత కుంచించుకుపోయి సర్జన్‌కు చోటు దొరుకుతుంది. పగలు అన్నం, రాత్రి రాగిసంగటి తిని పెరిగిన ఇంట్లో ఇది చిన్న మార్పు కాదు. పెసరపప్పు కట్టు, కోడిగుడ్డు తెల్లసొన, మజ్జిగ, ఆకుకూరలతో వదిన వంటగది నడిపింది. ఆ రోజుల్లో మధుమేహ మందుల మోతాదును డాక్టరు తగ్గించి రాయాలి, లేకపోతే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. ఉదయం నడకకు కపిలతీర్థం రోడ్డు కంటే ఎస్వీ యూనివర్సిటీ ప్రాంగణం ఎంతో నయం. చెట్ల నీడ ఉంది, ఆయాసం వస్తే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, యాత్రికుల వాహనాల రద్దీ ఉండదు.

తేదీ ఎంపికలో ఇక్కడివారు చూసుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలకు తిరుపతి, చెన్నై రెండూ చిక్కుల్లో పడతాయి. బ్రహ్మోత్సవాలకూ వైకుంఠ ఏకాదశికీ రైళ్లు, రోడ్లు కిటకిటలాడతాయి. ఏప్రిల్ దాటితే మన ఎండలు భరించరానివి, గుక్కెడు గుక్కెడుగా తప్ప నీళ్లు తాగలేని మనిషికి ఆ ఎండలో ఒంట్లో నీరు తగ్గిపోవడం ఖాయం. అందుకే సంక్రాంతి దాటిన తరువాతి రోజులు కోరుకున్నాము, సర్జన్ కూడా సరేనన్నారు.

చెన్నైలో రెండు రకాల బసలు చూశాము. పరీక్షల కోసం వెళ్లినప్పుడు ఆసుపత్రికి దగ్గరగా ఉందని ఒక లాడ్జిలో దిగాము. గది శుభ్రంగానే ఉంది కానీ లిఫ్టు మొదటి అంతస్తు నుంచి మొదలవుతుంది, మంచం మోకాలి కంటే కింద ఉంటుంది. కడుపు మీద కోతలున్న మనిషి అంత కిందనుంచి లేవడం కష్టమని అప్పుడే గుర్తుపెట్టుకున్నాను. ఆపరేషన్ సమయానికి గ్రీమ్స్ రోడ్డు పరిసరాల్లో సర్వీస్ అపార్ట్‌మెంట్ వెతికాము. మొదట మాట్లాడుకున్నచోట వంటగది ఫొటోలో అందంగా కనిపించింది, వెళ్లి చూస్తే పొయ్యికి గ్యాస్ సిలిండరే లేదు, అడిగితే రెండు రోజులు పడుతుందన్నారు. వెంటనే అదే వీధిలో మరొకటి చూసుకున్నాము. అద్దె కొంచెం ఎక్కువైనా అందులో పనిచేసే పొయ్యి, మిక్సీ, ఫ్రిజ్, వెస్టర్న్ టాయిలెట్, చేతులున్న ఎత్తైన కుర్చీ, కరెంటు పోతే సీప్యాప్ యంత్రం (స్లీప్ ఆప్నియా ఉన్నవారికి నిద్రలో గాలి అందించేది) ఆగకుండా జనరేటర్ ఉన్నాయి. ఈ వరుసలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ గదిని వదులుకోవలసిందే అని నా అభిప్రాయం. ఏసీ, టీవీ ఎలా ఉన్నాయన్నది తరువాతి సంగతి.

ఆసుపత్రి సేవల్లో నేను ఎక్కువగా మెచ్చుకునేది డైటీషియన్‌ను. అచ్చు వేసిన చార్టు చేతిలో పెట్టి పంపేయకుండా, ఇంట్లో ఏం వండుకుంటారని ముప్పావు గంట సేపు అడిగి తెలుసుకుని, మా వంటల్లోనే రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ ఎలా చేరుతుందో లెక్కవేసి చెప్పింది. నర్సులు ఆపరేషన్ అయిన సాయంత్రమే అక్కను లేపి వరండాలో నడిపించారు. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి ఈ నడకను మించినది లేదట. మూడు బంతులున్న పరికరంతో గంటగంటకూ ఊపిరి సాధన చేయించారు. భుజం నొప్పి పుడితే భయపడ్డాము కానీ, చిన్న కోతల ద్వారా చేసే లాపరోస్కోపీలో కడుపులో నింపే గ్యాస్ వల్ల అది సహజమని చెప్పారు. నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, ఆయాసం, కడుపు నొప్పి పెరగడం మాత్రం కుట్లలోంచి లీకేజీకి సూచనలు కావచ్చు కనుక ఏ వేళైనా రమ్మన్నారు. బిల్లింగ్ విభాగం గురించి చెప్పాలంటే, డిశ్చార్జి రోజు బీమా అనుమతి వచ్చేసరికి రాత్రి అయింది. ఆ రోజుకు వేరే ప్రయాణం పెట్టుకోకపోవడం మంచిది.

డిశ్చార్జి అయిన వెంటనే తిరుపతి వచ్చేద్దామని బావ తొందరపెట్టారు. అక్కడే ఉండిపోయినందుకు తరువాత ఆయనే సంతోషించారు. ఒక రాత్రి అక్క తాగిన నీళ్లు నిలవక వరుసగా వాంతులు చేసుకుంది, నోరు ఎండిపోయి కళ్లు తిరిగాయి. ఆటోలో పది నిమిషాల్లో ఆసుపత్రికి చేరాము. సెలైన్ ఎక్కించి, బి1 విటమిన్ ఇచ్చి, లీకేజీ లేదని నిర్ధారించి తెల్లవారాక పంపారు. అదే తిరుపతిలో జరిగి ఉంటే, ఆపరేషన్ చేయని వైద్యులకు మొత్తం కథ మొదటినుంచి చెప్పుకుంటూ ఆ రాత్రి గడిచేది. మధుమేహం సంగతి కూడా ఇటువంటిదే. బైపాస్ తరువాత చక్కెర స్థాయి బరువు తగ్గకముందే పడిపోతుంది, ఇన్సులిన్ మోతాదు తరచుగా మారుతుంది. గ్లూకోమీటరు చూసి ఫోన్ చేసినప్పుడు, అవసరమైతే గంటలో ఎదురుగా వెళ్లి నిలబడగలమన్న ధైర్యం మాకు ఉండేది.

వెళ్లేటప్పుడు సప్తగిరి ఎక్స్‌ప్రెస్ హాయిగా ఉంది, దాదాపు మూడున్నర గంటల ప్రయాణం. తిరుగు ప్రయాణానికి మాత్రం కారే సరైనది. రైలులో లేచి నడవవచ్చు కానీ సెంట్రల్ స్టేషన్ జనంలో ఎవరి మోచేయి ఎక్కడ తగులుతుందో చెప్పలేము. కడుపుకూ సీటుబెల్టుకూ మధ్య చిన్న దిండు పెట్టుకుని, తిరుత్తణిలోనూ నగరి దాటాకా పుత్తూరులోనూ ఆగి, ఆగిన ప్రతిచోటా అక్కను కాసేపు నడిపించాము. ఎముకలు విరిగినవారు కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చే పుత్తూరులో, మా అక్క నెమ్మదిగా అడుగులు వేస్తుంటే చూసినవారు కాలు విరిగిందేమోనని జాలిపడి కుర్చీ వేశారు. మనసున్న మనుషులు. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి కోసం పెట్రోలు బంకులను నమ్ముకోవచ్చు.

తిరుపతి ఇంట్లో కోలుకోవడం పొడవైన పని. మొదట వడకట్టిన ద్రవాలు, తరువాత మెత్తగా మిక్సీ పట్టినవి, నెల దాటాక మెత్తని ఆహారం అనే క్రమంలో ముందుకు వెళ్లాలి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. ముందు ప్రొటీన్, తరువాత కూర, ఆ పైన చోటు మిగిలితే అన్నం. చేప తేలికగా దిగింది, కోడిమాంసం ఎండినట్లుండి ఛాతీలో పట్టేసింది. సంగటి ముద్ద జిగురుగా ఉంటుంది కనుక చాలా నెలలు పక్కన పెట్టవలసి వచ్చింది. మోకాళ్ల నొప్పులకు అక్క ఏళ్లుగా వాడిన డైక్లోఫెనాక్ మాత్రలు ఇక ముట్టరాదు, బైపాస్ చేసిన కడుపులో అవి పుండ్లు పుట్టిస్తాయి. మందుల దుకాణంలో నొప్పి మాత్ర అడిగితే అదే చేతిలో పెడతారు కనుక ఆపరేషన్ సంగతి ప్రతిసారీ చెప్పాలి. మూడు, నాలుగు నెలలకు జుట్టు రాలింది. అది తాత్కాలికమని ముందే చెప్పి ఉండడం వల్ల అక్క అంతగా దిగులుపడలేదు.

కొండకు నడిచి వస్తానని అక్క మొక్కుకుంది. సర్జన్ అనుమతి వచ్చేదాకా మెట్ల మాట ఎత్తవద్దని మేము పట్టుబట్టి, మొదటి దర్శనానికి వాహనంలో తీసుకెళ్లాము. రూ. 300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్‌కు వేళ నిర్ణయించి ఇస్తారు కనుక ఇటువంటివారికి అదే అనువు. కొండ మీద ప్లాస్టిక్ సీసాలు నిషేధం కాబట్టి స్టీలు సీసాలో నీళ్లు నింపుకుని, వరుసలో కూర్చున్నంతసేపూ గుక్క గుక్కగా తాగుతూ ఉండాలి. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వడ్డించేవారికి కొంచెం చాలని చెబితే ఆదరంగా తగ్గించి వడ్డించారు, ఆకులో ఏమీ వృథా కాలేదు. లడ్డూ విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. తీపి ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగితే చెమటలు, గుండెదడ, విరేచనాలతో డంపింగ్ అనే బాధ మొదలవుతుంది. అక్క వేలికొసన అంటినంత కళ్లకద్దుకుని నోట వేసుకుంది, మిగిలినది మేము పంచుకున్నాము. ఆ తరువాత కొన్ని నెలలకు మొక్కు తీర్చుకోవడానికి అలిపిరిలోని 3550 మెట్లకు బదులు 2388 మెట్లున్న శ్రీవారి మెట్టు దారిని ఎంచుకుని, ఆగి ఆగి ఎక్కింది.

చిత్తూరు, పలమనేరు వైపువారికి వేలూరు ఇప్పటికీ నా మొదటి సలహా. అక్కడి గాంధీ రోడ్డు చుట్టుపక్కల రోగుల కుటుంబాలకు అలవాటుపడిన లాడ్జిలు ఎన్నో ఉన్నాయి, కొన్నిటిలో వండుకోనిస్తారు, తెలుగు మాట్లాడేవారికీ కొదవ లేదు. లిఫ్టు, మంచం ఎత్తు, టాయిలెట్ స్వయంగా చూసి గది తీసుకోవాలి. తిరుపతివారు చెన్నైకి వెళ్లినా, తరువాతి రక్తపరీక్షలు ఊళ్లోనే చేయించి ఫలితాలు పంపి ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు. మల్టీవిటమిన్, బి12, ఇనుము, కాల్షియం జీవితాంతం వాడవలసినవి, ఇనుముకూ కాల్షియానికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. కడుపులో ఆమ్లం తగ్గినవారికి కాల్షియం సిట్రేట్ బాగా ఒంటపడుతుంది. దుకాణాల్లో చాలాసార్లు కార్బొనేట్ ఇచ్చేస్తారు కనుక, డబ్బు ఇచ్చే ముందు డబ్బీ మీద సిట్రేట్ అని ఉందో లేదో చదివి తీసుకోవాలి.