పెద్ద టైర్లు, డీజిల్ లెక్క: వి-క్రాస్‌తో నా అనుభవం

పికప్‌కి పెద్ద టైర్లు వేయిస్తే మైలేజీ పడిపోతుందని అందరూ చెబుతారు. ఎంత పడిపోతుందంటే మాత్రం ఎవరి లెక్క వాళ్లది. లీటరుకి ఒక కిలోమీటరు తగ్గుతుందని ఒకరు, మూడు తగ్గుతుందని ఇంకొకరు. నా కోపమంతా ఆ లెక్కల మీదే. అంకె చెప్పేవాళ్లలో చాలామంది బండి మీటరు చూపించిన కిలోమీటర్లనే డీజిల్‌తో భాగించి చెబుతున్నారు. టైరు సైజు మారాక ఆ మీటరు సరైన దూరం చూపించదు. ఈ ముక్క టైరు షాపులో ఎవరూ చెప్పరు.

మాది భీమవరం దగ్గర. వన్నామి రొయ్యల చెరువులున్నాయి. బండి ఇసుజు వి-క్రాస్ పికప్, ఆ మోడల్ మొదట్లో 16 అంగుళాల చక్రాలతో వచ్చినప్పటిది, మన శ్రీసిటీలో తయారైందే. దాని ఇంజిను, సీట్లు, వెనక తొట్టి గురించి ఇప్పటికే చాలామంది చెప్పారు కాబట్టి వాటి జోలికి పోను. కంపెనీ ఇచ్చిన 245/70 ఆర్16 టైర్లు అరిగిపోయాక 265/75 ఆర్16 సైజులో ఏటీ టైర్లు, అంటే రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం, వేయించాను. అవి కూడా ఇప్పుడు మార్చే దశకి వచ్చాయి, అందుకే ఇదంతా రాయాలనిపించింది.

ఎందుకు వేయించానో ముందు చెప్పాలి. వానాకాలంలో మా చెరువులకి వెళ్లే పుంతంతా రేగడి బురద. పాత టైర్లకి ఆ మట్టి పట్టేసి గాడులన్నీ మూసుకుపోయేవి, ఆ తర్వాత గట్టు మీద బండి పక్కకి జారడమే. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయంటే తెల్లవారేలోపు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ టైములో డీజిల్ క్యాన్లతో జనరేటర్ దగ్గరికి చేరలేకపోతే పంట మొత్తం పోతుంది. పెద్ద టైర్లు వేశాక అలాంటి ఏ రాత్రీ బండి నన్ను దారిలో వదిలేయలేదు. మైలేజీ గురించి నేను ఏం చెప్పినా ఈ సంగతి పక్కన పెట్టుకుని చదవండి.

ఇక లెక్కకొస్తాను. పాత టైరు ఎత్తు సుమారు 749 మిల్లీమీటర్లు, కొత్తది 804. తేడా 7 శాతం పైనే. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి ఇప్పుడు 7 శాతం ఎక్కువ దూరం పోతుంది. మీటరుకి ఆ సంగతి తెలియదు. అది చుట్లు లెక్కపెట్టి, పాత టైరు కొలతతోనే కిలోమీటర్లుగా మారుస్తుంది. ఇది కాగితం మీద లెక్క కదా, రోడ్డు మీద ఎలా ఉంటుందో చూద్దామని ఏలూరు దాటాక హైవే మీద మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టి కిలోమీటరు రాళ్లు చదివించాను. రాయి కనపడని చోట ఫోన్‌లో జీపీఎస్ చూశాం. రోడ్డు 50 కిలోమీటర్లు అయ్యేసరికి మీటరు 46న్నర దగ్గర ఉంది. అంటే మూడున్నర కిలోమీటర్లు నడిచిన బండి ఖాతాలో పడలేదు. అలాంటి మీటరు చూసి "మైలేజీ చచ్చిపోయింది" అంటే ఎలా?

స్పీడు సంగతి ఇంకోలా ఉంటుంది. కంపెనీలు స్పీడోమీటరుని అసలు వేగం కంటే కాస్త ఎక్కువ చూపేలా పెడతాయి, తక్కువ మాత్రం చూపకూడదు కాబట్టి. పెద్ద టైరు ఆ కాస్తనీ తినేసి ఇంకా ముందుకి పోతుంది. నా బండిలో ముల్లు 100 మీద ఉంటే జీపీఎస్ 104 దాకా చూపిస్తుంది. హైవే మీద కెమెరాలున్న చోట ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆయిల్ మార్చే లెక్కలో కూడా, మీటరు మీద 10,000 తిరిగిందంటే నిజానికి 10,700 తిరిగినట్టు.

మీటరు సరిచేసుకున్నాక కూడా నాకు మైలేజీ తగ్గింది, అది కాదనను. పాత టైర్లతో లీటరుకి 12 వచ్చేది. కొత్తవి వేసిన తొలి నెలల్లో మీటరు లెక్కలో 9.8, సరిచేస్తే 10న్నర. లీటరుకి ఒకటిన్నర కిలోమీటర్లు పోవడం చిన్న విషయం కాదు. డీజిల్ వంద రూపాయల దగ్గర ఉన్న రోజుల్లో మేత బస్తాలు, ఐసు తిప్పే బండికి అది నెలాఖరులో బాగా కనిపిస్తుంది. టైర్లు వేసిన షాపుకే వెళ్లి అడిగాను. "ఏటీ టైర్లకి అంతేనండి" అని ఒక్క మాటతో పంపేశారు.

ఆ మాట తప్పని నాకు చూపించింది ఉండి ఊరికి వెళ్లే రోడ్డులో పంక్చర్లు వేసే ఒక పెద్దాయన. మేకు గుచ్చుకుంటే తీయించడానికి ఆగాను. ఆయన టైరు చుట్టూ ఒకసారి తిరిగి, అంచుల మీద చెయ్యి పెట్టి చూసి, "గాలి ఎంత పెట్టిస్తున్నారండి?" అని అడిగాడు. డోరు దగ్గర స్టిక్కరు మీదున్న అంకె చెప్పాను. "అది పాత టైరుకి రాసిందండి. ఇది లారీ జాతి టైరండి బాబూ, దీనికి ఆ గాలి చాలదు" అన్నాడు. నిజమే, నా టైరు మీద సైజుకి ముందు ఎల్‌టీ అని ఉంది, అంటే లైట్ ట్రక్. మామూలు కారు రకం టైరు మోసే బరువునే ఈ రకం మోయాలంటే ఎక్కువ గాలి కావాలి. గాలి చాలకపోతే పక్కలు ఎక్కువగా మడతపడతాయి, టైరు వేడెక్కుతుంది, ఆ వేడికయ్యే ఖర్చు డీజిలే.

ఆయన అంతటితో ఆగలేదు. సుద్దముక్క తీసి వెనక టైరు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా లావుగా ఒక గీత గీశాడు. "నేరుగా అక్కడి సెంటర్ దాకా పోయి రండి" అన్నాడు. వచ్చి చూస్తే అంచుల దగ్గర సుద్ద పూర్తిగా పోయింది, మధ్యలో మాత్రం గీసినది గీసినట్టే ఉంది. అంటే మధ్య భాగం రోడ్డుకి సరిగా ఆనడం లేదు, బరువంతా అంచుల మీదే నడుస్తోంది. కొంచెం గాలి కొట్టాడు, మళ్లీ గీశాడు, మళ్లీ పోయి రమ్మన్నాడు. గీత వెడల్పంతా ఒకేలా అరిగేదాకా వదల్లేదు. ఖాళీ బండికి 36 పీఎస్‌ఐ దగ్గర ఆగాం. బస్తాలు వేసినప్పుడు వెనక ఇంకాస్త పెంచమన్నాడు. పంక్చరు డబ్బులు తప్ప పైసా ఎక్కువ తీసుకోలేదు.

ఆ తర్వాత మీటరు లెక్క 10.6కి వచ్చింది, సరిచేస్తే 11.4. పాత టైర్లతో పోలిస్తే నిజమైన నష్టం 5 శాతం. వంద కిలోమీటర్లకి అర లీటరు కంటే తక్కువే. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు, కనపడిన ప్రతి పికప్ ఓనరుకీ సుద్దముక్క సంగతి చెప్పాను. మీ బండి బరువు, మీ టైరు రకం వేరు కాబట్టి నా 36 మీకు పనికిరాకపోవచ్చు. సుద్దముక్క మాత్రం పనికొస్తుంది. టైరు పక్కన రాసిన గరిష్ఠ గాలి దాటకుండా చూసుకోండి.

ఆ 5 శాతం మా ఊరి రోడ్ల మీద వచ్చిన లెక్క, డెబ్బై ఎనభై స్పీడులో. హైదరాబాద్ వెళ్లేటప్పుడు సూర్యాపేట వైపు వంద దాటించి తోలితే నష్టం రెట్టింపు దాకా పోతోంది. బండి 27 మిల్లీమీటర్లు పైకి లేచింది, టైరు వెడల్పయింది, గాలికి అడ్డం పెరిగింది. చక్రం పెద్దదవడంతో ప్రతి గేరూ కాస్త పొడవైనట్టయింది. చదును మీద ఇంజిను నెమ్మదిగా తిరుగుతుందనేది నిజమే, కానీ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఐదులో లాగేది ఇప్పుడు నాలుగుకి దిగుతోంది. భీమవరం ట్రాఫిక్‌లో బరువైన చక్రాన్ని ఆపడం, మళ్లీ కదిలించడం కూడా ఖర్చే. క్లచ్ మీద పని పెరిగిన సంగతి కాలికే తెలుస్తుంది.

మొదటి ఏడాది ఈ టైర్ల గ్రిప్పు గురించి నేను చాలా గొప్పగా చెప్పాను. బురదలో ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. తడిసిన తారు రోడ్డు మీద మాత్రం, సగం అరిగాక, బ్రేకు కొడితే ముందున్నంత నమ్మకం లేదు. మోత కూడా పెరిగింది. ఈ మధ్య మీటరు లెక్కలో మైలేజీ కాస్త మెరుగైనట్టు కనిపిస్తోంది. అందులో కొంత, టైరు అరిగి ఎత్తు తగ్గడంతో మీటరు నిజానికి దగ్గరవడమే. గాడులు ఎనిమిది మిల్లీమీటర్లు అరిగితే టైరు మొత్తం ఎత్తు పదహారు తగ్గుతుంది, అంటే 2 శాతం.

ఒక జాగ్రత్త. నా స్టెప్నీ పాత సైజుదే. అది ఒక చక్రానికి వేసినప్పుడు గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ అసలు వెయ్యకూడదు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ చుట్ల లెక్క కలవక ఆ రెంటినీ కలిపే గేర్ల మీద లాగుడు పడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపలి ప్లాస్టిక్ లైనరుకి టైరు రాసుకునేది, దాన్ని కొంచెం కోయించాల్సి వచ్చింది. ఇన్సూరెన్సు వాళ్లని, రవాణా ఆఫీసులో వాళ్లని సైజు గురించి అడిగాకే వేయించుకోవడం మంచిది.

ఈసారి ఏం వేయించాలో ఇంకా తేల్చుకోలేదు. పుంతకి సిమెంటు రోడ్డు వేస్తామంటున్నారు. అది పడితే 245/75 ఆర్16 చాలు, ఎత్తు 3 శాతమే పెరుగుతుంది, లైనరుతో గొడవ ఉండకపోవచ్చు. వానలకి ముందు రోడ్డు పడకపోతే మళ్లీ ఇదే సైజు. రోజూ హైవే మీదే తిరిగేవాళ్లు, బురద ఏడాదికోసారి తొక్కేవాళ్లు నన్ను అడిగితే మాత్రం కంపెనీ సైజులోనే మంచి ఏటీ టైరు చూసుకోమంటాను.