ఈరీ సరస్సు ఒడ్డున మే నెల పిట్టలు: గాలి చూసుకుని బయల్దేరండి

ఒహాయోలో ఈరీ సరస్సు దక్షిణపు ఒడ్డున ఉన్న మాగీ మార్ష్ అనే చిత్తడి నేల పేరు అమెరికాలో పిట్టల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అయినా అంత దూరం వెళ్ళి "ఏమీ కనబడలేదు" అంటూ తిరిగొచ్చేవాళ్ళు ఏటా ఉంటారు. తప్పు చోటుది కాదు, ఎంచుకున్న రోజుది.

వార్బ్లర్లు, అంటే పురుగులు తినే చిన్న చిన్న పిట్టలు, వసంతంలో ఉత్తరానికి వలసపోతూ రాత్రిపూట ప్రయాణం చేస్తాయి. దక్షిణం నుంచి వెచ్చటి గాలి వీచిన రాత్రి గుంపులుగా బయల్దేరతాయి. తెల్లారేసరికి ఎదురుగా అంత నీరు కనబడితే చాలా పిట్టలు ఒడ్డునున్న చెట్లలో దిగి, పురుగులు తిని సత్తువ కూడగట్టుకుంటాయి. అప్పుడు గాలి తిరిగి ఉత్తరం నుంచి వీచినా, వాన పట్టినా, సరస్సు దాటలేక అక్కడే ఆగిపోతాయి. ఆ ఒకటి రెండు రోజులే పండగ. ఆకాశం నిర్మలంగా ఉండి దక్షిణపు గాలి వరసగా వీస్తుంటే వచ్చినవి వచ్చినట్టే దాటిపోతాయి. మనకు హాయిగా ఉండే వాతావరణం పిట్టలు చూడ్డానికి అంత మంచిది కాదన్నమాట. పక్షుల మీద పరిశోధించే కార్నెల్ ల్యాబ్ వాళ్ళ బర్డ్‌కాస్ట్ సైట్ రాబోయే మూడు రాత్రులకు వలస అంచనా ఇస్తుంది. దాన్నీ, గాలి దిశనూ కలిపి చూసుకోండి.

మే మొదటి వారంలో ఎక్కువగా మగపిట్టలే వస్తాయి. ఎల్లో-రంప్డ్, పామ్ వార్బ్లర్లు అప్పుడే బాగా కనిపిస్తాయి. రెండో వారానికి బ్లాక్‌బర్నియన్, బే-బ్రెస్టెడ్, కేప్ మే, మాగ్నోలియా వార్బ్లర్లు అన్నీ చేరతాయి. 20 దాటాక ఆడపిట్టలు, ఫ్లైక్యాచర్లు, మోర్నింగ్ వార్బ్లర్ వస్తాయి గానీ, ఆకులు దట్టంగా కమ్మేసి చూడటం కష్టమవుతుంది. ఒక్కసారే వెళ్ళగలిగితే రెండో వారమే సరైనది.

మాగీలో ప్రవేశం ఉచితం. చెక్క నడకదారి సుమారు ఒక కిలోమీటరు, చదునుగా ఉంటుంది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. చెట్లు పొట్టివి కాబట్టి వేరేచోట మెడ విరిగేలా తలెత్తి చూడాల్సిన పిట్టలు ఇక్కడ కంటి ఎత్తులోనే ఆడుతుంటాయి. ప్రోథోనోటరీ వార్బ్లర్ నడకదారి పక్కనే మాను తొర్రల్లో గూడు పెడుతుంది. ఇబ్బందల్లా జనమే. పడమటి ద్వారం దగ్గర కిక్కిరిసిపోతారు, తూర్పు కొసన కాస్త పలచన. పార్కింగ్ కావాలంటే ఏడింటికల్లా ఉండాలి. అది కుదరకపోతే మధ్యాహ్నం మూడు తర్వాత రండి: జనం తగ్గుతారు, పిట్టలు మళ్ళీ కిందికి దిగి మేస్తాయి. ట్రైపాడ్ కారులోనే వదిలేయండి, ఇరుకు దారిలో అందరికీ అడ్డం.

బైనాక్యులర్లు 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి, కటకం 42 మి.మీ.) చాలు. 10× అయితే కనబడే పరిధి తగ్గి, ఆకుల్లో గెంతే పిట్ట చేజారిపోతుంది. రెండు మీటర్ల దగ్గర కూడా ఫోకస్ అవుతుందో లేదో కొనేముందే చూసుకోండి, ఇక్కడ అది నిజంగా అవసరపడుతుంది. పిట్ట మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్లనే కంటి దగ్గరికి తెచ్చుకోవాలి. కొత్తవాళ్ళు కిందికి చూసి మళ్ళీ పైకెత్తేలోపు అది ఎగిరిపోతుంది. పైకొమ్మల్లో ఉంటే తోక అడుగుభాగం చూడండి: తెల్లగా ఉండి కొసన నల్లపట్టీ ఉంటే మాగ్నోలియా. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్‌లో ఆ ప్రాంతపు పిట్టల ప్యాక్ ముందే దింపుకోండి, కానీ అది చెప్పిన పేరును కంటితో చూసేదాకా లెక్కలో రాయకండి. పిట్టను రప్పించడానికి ఫోనులో కూత మోగించకూడదు, మేతకు దిగిన పిట్ట ఆ పూట అంతా వృథా చేసుకుంటుంది.

మధ్యాహ్నం మందకొడిగా ఉంటే పక్కనే ఉన్న ఒట్టావా వన్యప్రాణి ఆశ్రయంలో కొంగలు, గద్దలు చూడొచ్చు. మెట్జ్‌గర్ మార్ష్‌లో దారి చివరనున్న చిన్న తోపు, మంచి రోజున, మాగీకి తీసిపోదు.

కెనడా వైపు, సరస్సులోకి కొసలా పొడుచుకొచ్చిన పాయింట్ పీలీ కూడా గొప్పదే. రాత్రి నీటి మీదుగా ఎగిరి అలిసిన పిట్టలు తెల్లవారుజామున దాని కొసన దిగుతాయి. మాగీ నుంచి నీటి మీదుగా 60-70 కిలోమీటర్లే, రోడ్డున మాత్రం డెట్రాయిట్ చుట్టి వెళ్ళాలి. ప్రవేశ రుసుము ఉంది. అమెరికా వీసా మీద ఉన్న భారతీయులకు కెనడా వీసా విడిగా కావాలి. ఒకే వారాంతంలో రెండూ పెట్టుకుంటే సగం రోజు కారులోనే గడుస్తుంది. దగ్గరివాళ్ళకు మాగీయే నయం.

బసకు మామీ బే లాడ్జ్ అన్నిటికంటే అనుకూలం గానీ, ఏటా మేలో జరిగే పిట్టల పండగ కేంద్రం అదే కాబట్టి గదులు చాలా ముందే అయిపోతాయి. దగ్గర్లోని ఒరెగన్ (ఆ పేరున్న రాష్ట్రం కాదు) ఊళ్ళోనో పోర్ట్ క్లింటన్‌లోనో రద్దు చేసుకునే వీలున్న గది తీసుకుంటే గాలిని బట్టి తేదీ మార్చుకోవచ్చు. తిండి, నీళ్ళు వెంట తెచ్చుకోండి. ఊళ్ళో చొక్కా చాలినా ఒడ్డున సరస్సు గాలికి జాకెట్ కావాలి. మే మధ్యలో మిడ్జ్ పురుగులు మబ్బులా లేచి కారు అద్దాలు, టోపీలు, చెవులు అన్నిటినీ కమ్మేస్తాయి. కుట్టవు, పురుగుల మందు చల్లొద్దు. వార్బ్లర్లకు వాటితోనే కడుపు నిండేది.