పాయింత్ దే షాతో: గ్వాడెలూప్ తూర్పు కొసన ఒక ఉదయం

అమ్మా నేనూ తిరుపతి నుంచి పారిస్ చేరి, అక్కడ ఉంటున్న అన్నయ్య, వదినలతో కలిసి, కరీబియన్‌లోని ఫ్రెంచి దీవుల సమూహమైన గ్వాడెలూప్‌కు చేసిన ప్రయాణంలో, మళ్లీ చూడాలనిపించిన చోటు పాయింత్ దే షాతో. వాటిలో ఒకటైన గ్రాంద్‌తేర్ దీవి తూర్పు కొసన, సాన్ ఫ్రాన్సువా ఊరికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, సున్నపురాతి నేల సన్నబడుతూ సముద్రంలోకి చొచ్చుకుపోయి అక్కడ ముగుస్తుంది.

కొసనున్న గుట్టపై 1951లో నిలిపిన పెద్ద శిలువ వరకు కాలిబాట ఉంది. మేము పావుగంటలో ఎక్కాము. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే అలవాటున్న అమ్మకు ఆ ఎత్తు ఒక లెక్క కాదు గాని, బాటలో రాళ్లు జారుతాయి, నీడ దొరకదు, గాలి కొంగును నిలవనీయదు. గట్టి చెప్పులు వేసుకుని, నీళ్లు వెంట ఉంచుకుని, ఎండ ముదరకముందే ఎక్కడం మంచిది.

పైన నిలబడితే ఎదురుగా లా దెసిరాద్ దీవి, దక్షిణాన మరీ గలాంత్ కనిపిస్తాయి. సుమారు 11 కిలోమీటర్ల పొడవున చదునైన నెత్తితో పరచుకున్న లా దెసిరాద్‌ను చూసి, "మన కొండే నీళ్లలోకి దిగినట్టుంది" అన్నది అమ్మ. మా డాబా మీది నుంచి కనిపించే శేషాచలం అంచు నాకూ అప్పుడే గుర్తుకొచ్చింది. చెరకు తోటల్లో పనికని ఒప్పందాలపై మన దక్షిణాది వారిని ఎక్కించుకుని పాండిచ్చేరి వైపు నుంచి బయలుదేరిన తొలి ఓడ ఈ ద్వీపానికి చేరింది 1854లో. వారు దాటి వచ్చిన అట్లాంటిక్ ఇదేనని అన్నయ్య చెప్పాక, అమ్మ చాలాసేపు ఆ నీటి వంకే చూస్తూ ఉండిపోయింది. ఈ ఒక్క దృశ్యం కోసమైనా అంత దూరం వెళ్లవచ్చునని నా అభిప్రాయం.

కొస దగ్గర ప్రవాహాలు బలమైనవి, అక్కడ ఈతకు దిగకూడదు. ఈ ద్వీపపు తీరాల్లో మాన్సెనీయే అనే విషవృక్షం పెరుగుతుంది; దాని పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది కనుక, వాన వచ్చినా దాని కింద నిలబడరాదని పిల్లలకు ముందే చెప్పాలి. కొబ్బరి పాలతో చేసే సోర్బే అనే చల్లని తీపి అమ్మకు ఎంతో నచ్చింది. శాకాహారులు మాత్రం భోజనం కట్టుకుని వెళ్లడం మేలు. మాకు వదిన చేసిన పులిహోర అక్కరకొచ్చింది.

గ్వాడెలూప్ ఫ్రాన్స్‌లో భాగమే అయినా షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల) పరిధిలోకి రాదు. కాబట్టి మన పాస్‌పోర్టుతో వెళ్లేవారు, వీసా అక్కడికి చెల్లుతుందో లేదో టికెట్లు కొనకముందే చూసుకోవాలి.