రాక్‌వెల్ ఎక్స్‌ట్రా బోల్డ్: తొమ్మిదేళ్ళు బోర్డుల మీద వాడాక

తెనాలిలో చిన్న బోర్డుల షాపు నాది. ఇంగ్లీషులో పేరు రాయాలంటే కోరల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచి ముందుగా వెతికేది రాక్‌వెల్ ఎక్స్‌ట్రా బోల్డే, తొమ్మిదేళ్ళుగా ఇదే అలవాటు. ఎంఎస్ ఆఫీస్‌తో పాటు వచ్చే ఫాంటే కాబట్టి ఎలా ఉంటుందో అందరూ చూసే ఉంటారు, దాని గురించి ఎక్కువ చెప్పను. నాకు పిచ్చి దాని కాళ్ళంటే. ప్రతి అక్షరం కింద పలక పెట్టినట్టు మందంగా పాదం ఉంటుంది చూడండి, అదీ. రాక్‌వెల్‌లో పెద్ద A అక్షరం అయితే నెత్తిన కూడా ఒక పలక పెట్టుకుని కూర్చుంటుంది, నాకు అదొక ముచ్చట.

టైమ్స్ ఫాంటుకీ పాదాలున్నాయి కదా అంటారేమో, ఉన్నాయి గానీ చివరికొచ్చేసరికి సూదిలా సన్నబడిపోతాయి, అక్రిలిక్‌లో కట్ చేయిస్తే ఆ మొనలు షాపుకొచ్చేలోపే విరుగుతాయి, లోపల లైటు పెడదామంటే ఆ సన్న గీతలో ఎల్‌ఈడీ మాడ్యూలే పట్టదు. దీంట్లో ఆ గోల లేదు. పైగా పక్కన తెలుగులో రామభద్ర లాంటి బొద్దు ఫాంటు వేస్తే రెండూ సమానంగా బరువు మోస్తున్నట్టు కనిపిస్తాయి.

ఇలా పలకల్లాంటి పాదాలున్న అక్షరాల్ని స్లాబ్ సెరిఫ్‌లంటారు, అసలు ఇవి పుట్టిందే దూరం నుంచి జనాన్ని పిలవడానికి. 1810ల్లో లండన్‌లో విన్సెంట్ ఫిగ్గిన్స్ అనే ఆయన యాంటిక్ అని పేరుపెట్టి పోతపోశాడు, అప్పట్లో లాటరీ పోస్టర్లు, నాటకాల పోస్టర్లు గోడల నిండా ఉండేవి కదా, పుస్తకాల్లో వాడే సన్నటి అక్షరం అక్కడ ఎవడికి కనపడుద్ది. తర్వాత వీటికి ఈజిప్షియన్ అన్న పేరు స్థిరపడింది, ఈజిప్టుతో ఏ సంబంధమూ లేదు, నెపోలియన్ 1798లో అక్కడికి దండెత్తాక యూరప్‌లో ఏది కొత్తగా వచ్చినా ఈజిప్టు పేరు తగిలించే మోజు, అంతే. తమాషా ఏంటంటే 1816లో లండన్‌లోనే అచ్చు అక్షరాలు పోసే కాస్లన్ వాళ్ళు అదే పేరు అసలు కాళ్ళే లేని అక్షరాలకి పెట్టారు.

1845లో రాబర్ట్ బెస్లీ అనే లండన్ అక్షరాల వ్యాపారి క్లారెండన్ అనే స్లాబ్ ఫాంటు తీసుకొచ్చి డిజైన్ రిజిస్టర్ కూడా చేయించాడు, కానీ రక్షణ మూడేళ్ళే, అది అయిపోగానే అందరూ కాపీ కొట్టేశారు. మా వీధిలో నా డిజైన్లకి మూడు రోజులు కూడా ఆగరు లెండి. ఇక అమెరికాలో, పోస్టరంత పెద్ద అక్షరం సీసంలో పోస్తే మోయలేని బరువు కాబట్టి చెక్కలో చెక్కేవాళ్ళు, 1827లో డేరియస్ వెల్స్ దానికి మిషన్ పద్ధతి కనిపెట్టాక ఆ అక్షరాలు ఊరూరా పోయాయి. మన రాక్‌వెల్ వీటన్నిటికీ మనవడి వరస, 1934లో మోనోటైప్ అనే ఫాంట్ల కంపెనీ వాళ్ళు వదిలారు.

ఇప్పుడు నా ఏడుపు. మూడేళ్ళ కిందట ఒక టిఫిన్ సెంటర్‌కి పన్నెండు అడుగుల ఏసీపీ (అల్యూమినియం షీటు) బోర్డు, లైటింగ్ లెటర్స్. పేరు పెద్దది, బోర్డు కొలత మారదు, అందుకని అక్షరాల మధ్య ఖాళీ బాగా తగ్గించి దగ్గరకి లాగేశాను. పగలు బిగించాం, బ్రహ్మాండంగా ఉంది, ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నా. సాయంత్రం ఏడింటికి ఓనర్ బాబాయ్ ఫోను, "అబ్బాయ్, ఒకసారి వచ్చి చూసి పో" అని, గొంతులో కోపం కూడా లేదు, అదే భయం వేసింది. రోడ్డు అవతల నిలబడి చూస్తే టిఫిన్స్ అన్న మాట లేదక్కడ. ఐ, రెండు ఎఫ్‌లు, మళ్ళీ ఐ, ఎన్, అన్నీ వరసగా కాళ్ళున్నవే, లైటు వెలుగు పక్కలకి పాకేసరికి కింద పాదాలన్నీ కలిసి ఒక పట్టీ, పైన తలలన్నీ కలిసి ఇంకో పట్టీ, మధ్యలో నిలువు గీతలు. "కిటికీ గ్రిల్లు పెట్టావేంట్రా" అన్నాడు బాబాయ్. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మొత్తం విప్పి, పాత బెజ్జాలు కనపడతాయని షీటు కూడా మార్చి, మామూలు రాక్‌వెల్ బోల్డ్‌లో సైజు తగ్గించి, మధ్యలో వేలు పట్టేంత సందు వదిలి మళ్ళీ చేశా. లాభం పోయింది, చేతి డబ్బులు కూడా పడ్డాయి.

కాబట్టి పైన నేను పొగిడిన కాళ్ళే, లైటింగ్ బోర్డుకి వచ్చేసరికి కాస్త ఆలోచించి వాడాలి. చిన్న సైజులో, అంటే బిల్ బుక్కులూ గుడ్డ సంచుల మీద స్క్రీన్ ప్రింటింగూ, అక్కడ ఎక్స్‌ట్రా బోల్డ్ నేను మానేశా, చిన్న e అక్షరం లోపలి కన్ను ఇంకుతో పూడుకుపోతోంది. ఫ్లెక్సులకీ, పగలు చూసే బోర్డులకీ మాత్రం ఇప్పటికీ ఇదే. నా గిరాకీ ఎరువుల కొట్లు, టైర్ల షాపులు, బండి మీద పోతూ చదివే బోర్డులు, అందుకే నాకు సెట్టయింది, మీది బొటిక్కో బేకరీయో అయితే నా మాట పట్టుకోకండి. ఒకసారి శుభలేఖకి వేసి చూపిస్తే పెళ్ళికూతురు నాన్నగారు కార్డు అటూ ఇటూ తిప్పి, "ఇందులో యూరియా రేటు ఎక్కడుందండీ" అన్నారు.