క్రియాటినిన్‌కి రిఫరెన్స్ మెథడ్: జీసీనా, ఎల్‌సీనా, మామూలు హెచ్‌పీఎల్‌సీ చాలా?

రిఫరెన్స్ మెథడ్ (మిగతా పద్ధతుల అంకెలు సరైనవో కాదో తేల్చే ప్రామాణిక పద్ధతి) పెట్టాలి అనగానే అందరూ ముందు అడిగేది "ఏ మిషన్ కొందాం?" అని. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే పదార్థం) వరకు నా జవాబు ఐసోటోప్ డైల్యూషన్‌తో (బరువైన కవల అణువుని కలిపి కొలవడం, కింద చెప్తా) చేసే ఎల్‌సీ-ఎంఎస్, అంటే శాంపిల్‌ని ద్రవంతో ఒక కాలమ్ గుండా పంపి విడదీసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో అణువుల బరువు చూసేది. కానీ ఎందుకో చెప్పకపోతే ఆ జవాబు పెద్దగా పనికిరాదు, ఎందుకంటే ఎల్‌సీ కొనేసి కూడా తప్పు అంకె తెచ్చుకోవచ్చు, అదీ గ్రాఫ్‌లో చాలా అందమైన పీక్‌తో (శిఖరంతో).

రోజువారీ ల్యాబుల్లో నడిచేవి ముఖ్యంగా రెండు. మాక్స్ జాఫే 1886లో చెప్పిన పిక్రిక్ యాసిడ్ రియాక్షన్ ఒకటి, ఎంజైమ్ పద్ధతి ఇంకోటి. జాఫేలో ఆ నారింజ రంగు రావడానికి క్రియాటినినే ఉండక్కర్లేదు, ప్రోటీన్లు, గ్లూకోజ్, కీటోన్లు, కొన్ని సెఫలోస్పోరిన్ మందులు కూడా రంగు తెప్పిస్తాయి, బిలిరుబిన్ ఎక్కువైతే మాత్రం రీడింగ్ కిందికి పోతుంది. దీనికి విరుగుడుగా వచ్చిన "కాంపెన్సేటెడ్ జాఫే"లో అందరి ఫలితంలోంచీ ఒకే స్థిరమైన అంకె తీసేస్తారు. పెద్దవాళ్ల సీరంలో ప్రోటీన్ ఎంతో పసిబిడ్డలోనూ అంతే అన్న లెక్క అది. పసివాళ్లలో ప్రోటీనూ తక్కువ, క్రియాటినినూ తక్కువ, కాబట్టి ఆ తీసివేత అక్కడే గట్టిగా దెబ్బకొడుతుంది. ఎంజైమ్ పద్ధతి దీనికన్నా చాలా నయం, అయినా చివర్లో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని రంగుగా మార్చే రకాల్లో డోబుటమైన్, డోపమైన్, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ లాంటివి రీడింగ్‌ని తగ్గించగలవు. ఈ రెండింటి తగువు తీర్చాలంటే రెండింటికీ చుట్టం కాని మూడోది కావాలి.

ఐసోటోప్ డైల్యూషన్ కిటుకు సింపులే. మిథైల్ గ్రూపులో మూడు హైడ్రోజన్ల బదులు డ్యుటీరియం ఉన్న క్రియాటినిన్‌ని మొదట్లోనే సీరంలో తూచి కలిపేస్తాం. బరువులో 3 యూనిట్ల తేడా తప్ప రెండూ దాదాపు కవలలే, కాబట్టి బాగా కలిసిపోయాక శాంపిల్‌లో సగం ఒలికిపోయినా వాటి నిష్పత్తి మారదు, మాస్ స్పెక్ట్రోమీటర్ కొలిచేది ఆ నిష్పత్తినే. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పోయినదాన్ని ఐసోటోప్ సరిదిద్దుతుంది గానీ కొత్తగా పుట్టినదాన్ని సరిదిద్దలేదు. క్రియాటిన్ నుంచి ఒక నీటి అణువు పోతే మిగిలేదే క్రియాటినిన్, సీరంలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. శాంపిల్ తయారీలో ఆమ్లం, వేడి తగిలి కాస్త క్రియాటిన్ ఇటు మారిందంటే అది కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, పట్టుకునేవాడు ఉండడు. నా మటుకు, ఏది మేలో తేల్చేది ఎక్కువగా ఈ క్రియాటిన్ గొడవే.

జీసీ-ఎంఎస్ (శాంపిల్‌ని ఆవిరి చేసి వాయువుతో విడదీసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలిచేది) పాతకాపు. ఇప్పుడు ఎన్‌ఐఎస్‌టీ అని పిలిచే అమెరికా ప్రమాణాల సంస్థ 1980ల్లోనే దీంతో క్రియాటినిన్ కొలిచి చూపించింది. చిక్కేంటంటే క్రియాటినిన్ ఉన్నదున్నట్టు జీసీలో చక్కగా నడవదు, దాన్ని డెరివేటివ్‌గా (తేలిగ్గా ఆవిరయ్యే వేరే రసాయన రూపంగా) మార్చాలి, ఆ మార్చే స్టెప్‌లో క్రియాటిన్ కూడా అదే డెరివేటివ్ ఇచ్చేస్తుంది. అందుకని ముందే అయాన్-ఎక్స్ఛేంజ్ కాలమ్‌తో రెండింటినీ విడదీయాలి. చేయి తిరిగినవాళ్లు చేస్తే ఫలితం రాయిలా నిలుస్తుంది, కానీ కొత్తగా వచ్చినవాళ్లకి నేర్పడం ఓపిక పని, రోజుకి అయ్యే శాంపిళ్లూ తక్కువే.

ఎల్‌సీలో ఆ డెరివేటివ్ గోలే లేదు. ప్రోటీన్‌ని కిందికి దింపేసి, పైన తేరిన ద్రవాన్ని పలుచన చేసి పంపడమే. హాయిగా ఉంటుంది, కాబట్టే నిర్లక్ష్యం వస్తుంది. "టాండెమ్ పెట్టాం కదా, 114 నుంచి 44 చూస్తున్నాం, ఐసోటోప్‌కి 117 నుంచి 47, ఇక వేరేది ఎలా దూరుతుంది" అనే ధీమా చాలామందిలో ఉంటుంది (టాండెమ్ అంటే ఒక బరువున్న అయాన్‌ని ఎంచి, ముక్కలు చేసి, ఒక ముక్క బరువు చూసే మిషన్, క్రియాటినిన్‌కి ఆ బరువులు 114, 44). దూరుతుంది. క్రియాటిన్ అయాన్ 132, అది మిషన్ సోర్స్‌లోనే (అయాన్లు తయారయ్యే చోటే) నీటిని వదిలేసి 114 అయిపోతుంది, ఆ తర్వాత మీరు ఎన్ని ముక్కలు చేసినా అవే ముక్కలొస్తాయి. మాస్ స్పెక్ట్రోమీటర్ ఎంత ఖరీదైనదైనా ఇక్కడ చేతులెత్తేస్తుంది, విడదీయాల్సింది కాలమే. మామూలు సీ18 కాలమ్‌లో రెండూ సరిగా ఆగకుండా ముందే తోసుకొచ్చేస్తాయి కాబట్టి కాలమ్ ఎంపికకి మిషన్ ఎంపిక కన్నా ఎక్కువ టైమ్ పెట్టండి.

దీనికి పరీక్ష తేలికే. ఒకే సీరంని రెండుగా పంచి, ఒకదాంట్లో క్రియాటిన్ దండిగా కలిపి, రెండూ మొదటి స్టెప్ నుంచి నడపాలి. క్రియాటినిన్ అంకె కదిలిందంటే మెథడ్ ఇంకా సిద్ధం కాలేదు. (కొన్న క్రియాటిన్ పొడిలోనే కాస్త క్రియాటినిన్ ఉండొచ్చు, ముందు దాన్ని కొలుచుకోండి, లేకపోతే లేని దొంగ కోసం వారం రోజులు వెతుకుతారు.)

ఐసోటోప్, మాస్ స్పెక్ట్రోమీటర్ లేకుండా, కాలమ్‌లో విడదీసి 234 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి దగ్గర చూసే మామూలు హెచ్‌పీఎల్‌సీ సంగతా? రొటీన్ అనలైజర్ మీద అనుమానం వస్తే మొదటి చూపుకి బాగుంటుంది. ఒలికింది ఒలికిందే, పీక్ కింద ఇంకేం దాక్కుందో తెలీదు. రిఫరెన్స్ కుర్చీ దానికివ్వను.

ఇక వాలిడేషన్‌లో (మెథడ్ సరిగా పనిచేస్తుందో తేల్చుకునేటప్పుడు) అందరూ పీకుల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా తూకం మీద పెట్టరు. క్యాలిబ్రేటర్ (ఎంత ఉందో ముందే తెలిసిన, కొలతకి ఆధారమైన శాంపిల్), ఐసోటోప్, సీరం మూడూ బరువుతో కలపాలి, పిపెట్‌తో కాదు. క్యాలిబ్రేటర్‌కి ఎన్‌ఐఎస్‌టీ ఇచ్చే ఎస్‌ఆర్‌ఎం 914 అనే శుద్ధ క్రియాటినిన్ వాడితే, సరిచూసుకోవడానికి ఎస్‌ఆర్‌ఎం 967 అనే ఫ్రోజెన్ మనిషి సీరం ఉంది, రెండు స్థాయిల్లో, సుమారు 0.8, 4 మిల్లీగ్రాములు డెసీలీటర్‌కి. ఆ 967ని క్యాలిబ్రేషన్‌లో కలపకండి, పరీక్ష పేపర్ ముందే చూసినట్టవుతుంది. ఇంకో మెథడ్‌తో పోల్చేటప్పుడు కోరిలేషన్ 0.99 వచ్చిందని సంబరపడొద్దు, ప్రతి శాంపిల్‌కీ 0.2 ఎక్కువ చూపించే మెథడ్‌కి కూడా అంత వస్తుంది. ఒక్కో స్థాయిలో తేడా ఎంతో చూడండి.

ఆ తేడా చిన్నదే కదా అనిపిస్తే ఒకటి గుర్తుచేస్తా. కిడ్నీ పనితీరు లెక్కించే ఎండీఆర్‌డీ సూత్రంలో 186 అనే అంకెని 175గా మార్చాల్సి వచ్చింది. రోగులెవరూ మారలేదు, క్రియాటినిన్ క్యాలిబ్రేషన్‌ని ఐసోటోప్ డైల్యూషన్‌కి కట్టారు, అంతే. 2006లో అమెరికా నిపుణుల బృందం రొటీన్ మెథడ్లకి పెట్టిన హద్దు కూడా డెసీలీటర్‌కి 1 మిల్లీగ్రాము దగ్గర 0.05 బయాస్ (ఎప్పుడూ ఒకే వైపు వచ్చే తేడా). దాన్ని తూచే మెథడ్ తప్పు అంతకన్నా చాలా తక్కువ ఉండాలి కదా.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎల్‌సీకే వెళ్లండి. జీసీ ఇప్పటికే ఉండి, నడిపే మనిషి ఉంటే మాత్రం అమ్మేయకండి, ఏడాదికి కొన్ని సీరంలైనా రెండింటిలో నడిపి చూడండి, రెండు దారులూ వేరు కాబట్టి ఒకే తప్పు రెండింటిలో దొర్లే అవకాశం తక్కువ. రెండింటి అంకెలూ అనిశ్చితి పరిధిలో కలవకపోతే ముందు క్రియాటిన్ పీక్ ఎక్కడుందో చూడండి, తర్వాత బ్యాలెన్స్ క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేయించారో చూడండి.